మందుల చీటీకి చెల్లే నంబరు లైబ్రరీకి చెల్లదు

రాత్రి పదిన్నర దాటాక నా ఫోన్ మోగితే మా ఆవిడ తల కూడా ఎత్తదు. "ఎవరో డాక్టరు పేపరు అడుగుతుంటారు, చూడండి" అంటుంది. మొన్నటి ఫోను మల్కాజిగిరిలో సొంత క్లినిక్ నడిపే డాక్టరమ్మది.

"సార్, పడుకున్నారా? ఒక్క రీసెర్చ్ పేపరు పీడీఎఫ్ కావాలి. సారాంశం కనిపిస్తోంది గానీ లోపలికి పోదామంటే 35 డాలర్లు కట్టమంటోంది."

"పేషెంటు కోసమా, పరీక్ష కోసమా అమ్మా?"

"పేషెంటే సార్. షుగరూ ఉంది, కిడ్నీ ఇబ్బందీ ఉంది. ఎల్లుండి మళ్లీ వస్తాడు."

క్లినిక్ షట్టర్ దించి, ఇంటికెళ్లి, పిల్లల్ని పడుకోబెట్టాక ఆ డాక్టరమ్మకు చదువుకోవడానికి మిగిలే టైము అదే. నగర శివారులో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ లైబ్రరీలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను నేను. ఆవిడ అక్కడే ఎండీ చేసింది. పీజీ మూడేళ్లూ కిటికీ పక్క టేబుల్ ఆవిడదే. ఏ జర్నల్ కావాలన్నా ఒక్క క్లిక్కు దూరం. కోర్సు అయిపోయాక నో డ్యూస్ ఫారం పట్టుకుని వస్తే, పుస్తకాలన్నీ అప్పజెప్పిందో లేదో చూసి సంతకం పెట్టాను. ఆ సంతకంతో ఆవిడకు పుస్తకాల బాకీ తీరింది, జర్నళ్ల తలుపూ మూసుకుంది. రెండోది ఆ రోజు ఆవిడకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టర్లకు పరిశోధన అందడం లేదంటే చాలామంది "బాగానే సంపాదిస్తారుగా, కొనుక్కోవచ్చుగా" అనేస్తారు. కొన్ని కొనుక్కుంటారు కూడా. కానీ డబ్బు లేకపోవడం కన్నా పెద్ద చిక్కు ఇక్కడ తాళం తయారైన తీరులోనే ఉంది. మెడికల్ జర్నల్ తాళం మనిషిని చూసి తెరుచుకోదు. ఆ మనిషి ఏ సంస్థ గొడుగు కింద కూర్చున్నాడో చూసి తెరుచుకుంటుంది.

తాళం ఎలా పనిచేస్తుంది?

అచ్చు జర్నళ్ల రోజుల్లో లైబ్రరీ చందా కడితే సంచిక పోస్టులో వచ్చేది. అది మా సొంతం. బీరువాలో పెట్టుకుంటామో, వచ్చినవాళ్లకు చూపిస్తామో మా ఇష్టం. పాత విద్యార్థి ఎవరైనా ఆదివారం స్కూటర్ మీద వచ్చి, గంటసేపు చదువుకుని, రెండు పేజీలు జిరాక్స్ తీయించుకుని పోయేవాడు. అడిగినవాళ్లు లేరు. ఎలక్ట్రానిక్ జర్నళ్లు వచ్చాక మేం కొనేది సంచికను కాదు, చూసే అనుమతిని. కాలేజీలో ఉన్న ఇంటర్నెట్ చిరునామాల పట్టీ ప్రచురణ సంస్థకు పంపిస్తాం. ఆ చిరునామాల నుంచి అడిగితే పేపర్ తెరుచుకుంటుంది, బయట నుంచి అడిగితే డబ్బు అడుగుతుంది. ఇంటి నుంచి చదవడానికి లాగిన్‌లు ఇచ్చినా, వాటిని కాలేజీ ఐడీతో ముడిపెడతారు. ఐడీ పోయిన రోజు లాగిన్ పోతుంది.

ఒప్పందాల్లో "అధీకృత వాడుకరులు" అని ఒక క్లాజు ఉంటుంది. విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు. పాత విద్యార్థులు సాధారణంగా ఉండరు. కాకపోతే చాలా ఒప్పందాల్లో దాని కిందే ఎవరూ పట్టించుకోని ఒక చిన్న వెసులుబాటు ఉంటుంది: లైబ్రరీలోకి నడిచి వచ్చినవాళ్లు అక్కడి కంప్యూటర్ మీద చదువుకోవచ్చు. అంటే మా కాలేజీ చుట్టుపక్కల క్లినిక్ నడిపే డాక్టరు ఎవరైనా సాయంత్రం వచ్చి మా టెర్మినల్ ముందు కూర్చుంటే ప్రచురణ సంస్థకు అభ్యంతరం లేదు. కానీ గేటు దగ్గర సెక్యూరిటీ అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. నేను ఆ ఒప్పందాలు చదివినవాణ్ని, చదవడమే నా ఉద్యోగం. అయినా ఒక్క బోర్డు పెట్టించలేకపోయాను.

కార్పొరేట్ ఆసుపత్రుల్లో పనిచేసే కన్సల్టెంట్ల సంగతి వేరు. డీఎన్‌బీ అనే పీజీ కోర్సు నడిపే ఆసుపత్రికి లైబ్రరీ ఉండాలి కాబట్టి ఎంతో కొంత అందుతుంది. మొత్తానికి మిగిలిపోయేది ఎవరు? మల్కాజిగిరిలో, బోరబండలో, చాంద్రాయణగుట్టలో రోజుకు అరవై డెబ్బై మందిని చూసే సింగిల్ డాక్టర్ క్లినిక్‌లు. జ్వరమొస్తే మనం ముందు పోయేది వాళ్ల దగ్గరికే.

ఒకే దేశం, ఒకే చందా, కొందరికి

"ఇప్పుడు దేశమంతా ఫ్రీ అయ్యిందటగా సార్" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. లైబ్రరీల తరఫున కేంద్రమే జర్నళ్ల చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం గురించి ఆ మాట. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా సంస్థలు, దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. వ్యవహారమంతా యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ చూస్తుంది. చిన్న ఊళ్లలోని ప్రభుత్వ కాలేజీలకు ఇది నిజంగా పెద్ద వరం. తీసిపారేయడానికి లేదు.

కానీ పట్టీ చూడండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలు. ప్రైవేటు మెడికల్ కాలేజీలే బయట ఉన్నాయి, ఇక ప్రైవేటు క్లినిక్ ఊసెక్కడ? అంతకు ముందు నుంచీ ఢిల్లీలోని నేషనల్ మెడికల్ లైబ్రరీ ఎర్‌మెడ్ పేరుతో వైద్య జర్నళ్లకు లైబ్రరీల ఉమ్మడి చందా ఏర్పాటు నడుపుతూ వచ్చింది. అదీ ప్రభుత్వ సంస్థలకే.

ఇందులో నన్ను ఎక్కువ బాధించేది ఒకటుంది. 2020 చివర్లో వచ్చిన జాతీయ సైన్స్, టెక్నాలజీ విధానం ముసాయిదాలో ఈ ఆలోచన మొదట కనిపించినప్పుడు, దేశంలో ఉన్న ప్రతి వ్యక్తికీ జర్నళ్లు అందాలని రాశారు. సంస్థ అనే షరతు లేదు. ముసాయిదా నుంచి మంత్రివర్గం దాకా వచ్చేసరికి "ప్రతి వ్యక్తి" కాస్తా "ప్రభుత్వ సంస్థ" అయి కూర్చుంది. ప్రచురణ సంస్థలతో బేరంలో ఏదో ఒకటి వదులుకోవాలి, నిజమే. వదులుకున్నది ఎవరినో కూడా చెప్పుకోవాలి కదా.

లెక్క వేసి చూస్తే, ఏడాదికి రూ.2,000 కోట్లను 1.8 కోట్ల మందికి పంచితే తలకు రూ.1,100 చిల్లర. మల్కాజిగిరి డాక్టరమ్మను అడిగిన 35 డాలర్లు దాదాపు రూ.3,000. ఒక విద్యార్థికి ఏడాది పొడవునా 13,000 జర్నళ్లకు అయ్యే ఖర్చు కన్నా, ఆవిడ ఒక్క పేపరు ఒక్కసారి చూడ్డానికి అయ్యే ఖర్చు రెండింతలకు పైన. 1.8 కోట్ల మందీ నిజంగా చదవరని ప్రచురణ సంస్థలకు తెలుసు, అందుకే ఆ రేటుకు ఒప్పుకున్నాయి. ఆ సూత్రమే డాక్టర్లకూ వర్తిస్తుంది. రోజూ చదివేవాళ్లు ఎక్కడైనా కొందరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో మొదలుపెట్టిన హినారీ పథకం గురించి కూడా అడుగుతుంటారు. పేద దేశాల సంస్థలకు ఉచితంగానో నామమాత్రపు ధరకో జర్నళ్లు ఇచ్చే పథకం అది. భారత్ ఆ దేశాల పట్టీలో లేదు.

అసలు డాక్టరుకు కావాల్సిందేమిటి?

అన్నిటినీ కలిపి "రీసెర్చ్" అనేస్తాం గానీ, క్లినిక్‌లో రెండు రకాల అవసరాలుంటాయి, రెండింటి తాళాలూ వేరు.

ఒకటి, చెయ్యి కలం మీద ఉండగానే కావాల్సింది. బాలింత వచ్చింది, పాలిస్తోంది, ఈ మాత్ర ఇవ్వొచ్చా? దీనికి జర్నల్ అక్కర్లేదు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ల లాక్ట్‌మెడ్‌లో మందు పేరు కొడితే పాలలోకి ఎంత వెళ్తుందో, బిడ్డలో ఏం చూశారో, బదులుగా ఏది వాడొచ్చో ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఎంఎస్‌డీ మాన్యువల్ అనే వైద్య గైడు ఉచితం. జాతీయ అత్యవసర మందుల జాబితా ఉచితం. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ప్రామాణిక చికిత్సా క్రమాలు ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీలో, మన ఆసుపత్రుల పరిస్థితికి తగ్గట్టు ఉంటాయి, గోడకు అంటించుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలూ, ఇంగ్లండ్ నైస్ సంస్థ మార్గదర్శకాలూ తెరిచే ఉంటాయి. డాక్టర్లు మోజుపడే చికిత్స సలహాల సైటు అప్‌టుడేట్ లాంటివి మాత్రం డబ్బు కట్టి వాడుకోవాల్సినవే. అది 1992లో ఒక కిడ్నీ నిపుణుడు మొదలుపెట్టిన పని, ఇప్పుడు వోల్టర్స్ క్లూవర్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉంది. బాగుంటుంది, కాదనను. కానీ రోజువారీ ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి పైన చెప్పిన ఉచితాలు సరిపోతాయని నా అనుభవం. అవి ఉన్నాయన్న సంగతే చాలామందికి చేరలేదు. కాలేజీలో వాటిని చూపించాల్సినవాళ్లం మేం, మాకు ఏడాదికి ఒక గంట ఓరియెంటేషన్ క్లాసు ఇచ్చేవాళ్లు. అదీ మధ్యాహ్నం భోజనం తర్వాత!

రెండోది, అసలు అధ్యయనం. పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల సూచిక 1990ల నుంచి ప్రపంచమంతటికీ ఉచితం. కానీ పబ్‌మెడ్ చూపించేది ఎక్కువగా సారాంశమే. డాక్టర్లు సారాంశం చదివి ఆగిపోతారు, ఎందుకంటే అక్కడే దారి ఆగిపోతుంది. ఆ ఆగడం ఎంత ప్రమాదమో ఒక ఉదాహరణ.

2015 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో స్ప్రింట్ అనే అధ్యయనం వచ్చింది. 9,361 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పై బీపీ 140 లోపు, రెండో జట్టుకు 120 లోపు లక్ష్యం. 120 జట్టులో గుండె జబ్బులూ మరణాలూ తగ్గాయి. ఇదంతా సారాంశంలో ఉంది. షుగరు ఉన్నవాళ్లను తీసుకోలేదన్న మాటా ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లనూ తీసుకోలేదని తెలియాలంటే లోపలికి వెళ్లాలి. అంతకన్నా ముఖ్యమైంది బీపీ ఎలా చూశారన్నది. మనిషిని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఊరికే ఉండనిచ్చి, ఆటోమేటిక్ మిషన్‌తో మూడుసార్లు చూసి సగటు తీశారు.

ఇప్పుడు మన క్లినిక్‌కి రండి. పేషెంటు రెండంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. టోకెన్ కోసం కాంపౌండర్‌తో గొడవపడ్డాడు. లోపల కూర్చోగానే చొక్కా చెయ్యి పైకి లాగి పట్టీ చుట్టారు, ఒక్కసారి చూశారు, 138 వచ్చింది. ఈ 138, ఆ అధ్యయనంలోని 138 ఒకటి కావు. సారాంశం ఒక్కటే చదివిన డాక్టరు ఇంకో మాత్ర కలుపుతాడు. లోపలి పేజీ చదివినవాడు "కాసేపు బయట కూర్చుని రండి, మళ్లీ చూద్దాం" అంటాడు. ముసలాయన బాత్రూంలో కళ్లు తిరిగి పడతాడా లేదా అన్నది ఆ పేజీ మీద ఆధారపడి ఉండొచ్చు. స్ప్రింట్ పేపరు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతుంది. దొరకని పేపర్లలోనూ పక్కన పెట్టినవాళ్ల సంగతి, కొలతల సంగతి ఇలా లోపలే ఉంటుంది.

ఖాళీని ఎవరు నింపుతారు?

మందుల కంపెనీ రెప్. మధ్యాహ్నం రెండు గంటలకు, ఓపీ అయిపోయే వేళకు బ్యాగు పట్టుకుని బెంచీ మీద కూర్చునే కుర్రాడు. నేను అతన్ని తప్పుపట్టను. చాలామంది బుద్ధిమంతులు, టార్గెట్ ఒత్తిడిలో నలిగిపోతున్నవాళ్లు. కానీ సొంత క్లినిక్ డాక్టరుకు కొత్త పరిశోధన ఎవరి చేతి మీదుగా వస్తోందని అడిగితే జవాబు అతనే. ఇంటర్నెట్లో 35 డాలర్లు అడిగే అదే పేపరు, నున్నటి ఆర్టు పేపరు మీద రీప్రింటుగా టేబుల్ మీదికి వస్తుంది. కంపెనీలు రీప్రింట్లను ప్రచురణ సంస్థల దగ్గర టోకుగా కొంటాయి. వాళ్లకు అదో మంచి ఆదాయం. రీప్రింటులో అబద్ధం ఉండదు. ఉన్న పది పేపర్లలో ఏది అచ్చేయించాలో ఎంచుకున్నది మాత్రం మందు అమ్మేవాళ్లు.

2024 మార్చి 12న కేంద్రం ఫార్మా మార్కెటింగ్ నియమావళిని కొత్తగా తెచ్చింది. బహుమతులు కూడదు, విదేశీ ట్రిప్పులు కూడదు. అందులోనే ఒక మినహాయింపు: ఒక్కోటి రూ.1,000 దాటకుండా పుస్తకాలు, క్యాలెండర్లు, డైరీలు, ఈ-జర్నళ్లతో సహా జర్నళ్లు, చికిత్సా మార్గదర్శకాలు ఇవ్వొచ్చు. అంటే మల్కాజిగిరి డాక్టరమ్మకు మందుల కంపెనీ జర్నల్ ఇవ్వడం నియమాల ప్రకారం సరే. ప్రజల పన్నుతో కొన్న జర్నల్ అందడానికి మాత్రం నియమం లేదు. ఈ నియమావళీ, ఆ చందా పథకమూ ఒకే ఏడాది, ఒకే ప్రభుత్వం నుంచి వచ్చాయి.

ఇక దొంగదారి. కజకిస్థాన్‌కు చెందిన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో సై-హబ్ మొదలుపెట్టింది. పేపరు నంబరు ఇస్తే తాళం తీసి చేతిలో పెడుతుంది. మన దేశంలో దాన్ని వాడని పీజీ విద్యార్థి నాకు తారసపడలేదు. లైబ్రేరియన్ ముందే వాడేవాళ్లు, నేను అటు తిరిగి కూర్చునేవాణ్ని. మూడు ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఆ కేసు నడుస్తుండగా కొత్త పేపర్లు ఎక్కించడం చాలావరకు ఆపేశారు. 2025 ఆగస్టులో ఆ సైటును దేశంలో మూసేయమని కోర్టు ఆదేశించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా డాక్టరుకు ఇందులో వేరే ప్రమాదం ఉంది. గడియారం దాదాపు ఆగిపోయిన లైబ్రరీని నమ్ముకుని ఇప్పుడు వైద్యం చెయ్యడం.

ఇప్పుడు ఇంకో దారి వచ్చింది, ఫోన్లో చాట్‌బాట్‌ను అడగడం. గత ఏడాదిగా నాకొచ్చే ఫోన్లలో ఒక కొత్త రకం చేరింది. అడిగిన పేపరు వెతికితే జర్నల్ ఉంటుంది, ఆ సంపుటి ఉంటుంది, ఆ పేజీలో వేరే ఎవరిదో వేరే విషయం ఉంటుంది. అసలు పేపరు పుట్టనే లేదు! "అంత స్పష్టంగా చెప్పింది కదా సార్" అంటాడు డాక్టరు. లేని పేపరును వెతకడానికి నాకు పట్టే టైము, ఉన్నదాన్ని వెతకడానికి పట్టే టైము కన్నా మూడింతలు. లేదని తేల్చుకోవాలి కదా మరి.

ఉచితంగా దొరికేది ఎంత?

అనుకున్నదాని కన్నా ఎక్కువ, కావాల్సినదాని కన్నా తక్కువ. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ డబ్బుతో జరిగిన పరిశోధన 2008 నుంచి ఏడాదిలోగా, పూర్తి పేపర్లు ఉండే పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా పెట్టాలి. 2025 జూలై 1 నుంచి ఆ ఏడాది గడువూ తీసేశారు, అచ్చయిన రోజే పెట్టాలి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ (బీఎంజే) పరిశోధన పేపర్లు అందరికీ తెరిచి ఉంటాయి. మన ఐసీఎంఆర్ 1913 నుంచి నడుపుతున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌కు తాళమే లేదు. మన జబ్బులు, మన పేషెంట్ల మీద అధ్యయనాలు మన జర్నళ్లలోనే ఉంటాయి, అవి చాలావరకు ఉచితం. అయినా డాక్టర్లు ముందు విదేశీ జర్నల్ అడుగుతారు. పొరుగింటి పుల్లకూర రుచి!

ఉచితమైనదల్లా మంచిది కాదన్న ముక్క కూడా చెప్పాలి. రాసినవాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, ఎవరికీ చూపించకుండా వారంలో అచ్చేసే జర్నళ్లు పుట్టగొడుగుల్లా ఉన్నాయి. హైదరాబాద్ నుంచే అలాంటి వ్యాపారం నడిచి దేశానికి చెడ్డపేరు తెచ్చింది. డాక్టరుకు తాళం లేకుండా దొరికేవాటిలో ఇవీ కలిసిపోయి ఉంటాయి. మంచి పేపరుకు తాళం వేసి, చెత్త పేపరును వాకిట్లో పోస్తే అలసిపోయిన మనిషి దేన్ని తీసుకుంటాడు?

ఈ ఊరికి సంబంధించి ఒక ముచ్చట. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ పేపరు వేసింది. ఆ జర్నల్ పాత సంచికలన్నీ స్కాన్ చేసి పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా పెట్టారు కాబట్టి బేగంపేట క్లినిక్‌లో కూర్చున్న డాక్టరు రాస్ పేపరు ఇప్పుడే తెరిచి చదువుకోవచ్చు. మలేరియా మీద పోయిన నెల వచ్చిన పేపరు చదవగలడో లేదో మాత్రం చెప్పలేం. రాస్‌కు ఇక్కడ లైబ్రరీ లేకపోయినా లండన్ నుంచి గురువు ప్యాట్రిక్ మాన్సన్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడు. మన క్లినిక్ డాక్టర్లకు రాత్రి పదిన్నరకు రిటైరైన లైబ్రేరియన్ ఉన్నాడు. అంతే తేడా.

ఫిజియోథెరపిస్టుల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్ల దగ్గరికి రెప్ కూడా రాడు. ఆస్ట్రేలియా వాళ్ల పెడ్రో డేటాబేస్ ఉచితంగా ఉంది, అధ్యయనాలకు మార్కులు కూడా వేసి పెడుతుంది. అది కాక వాళ్లకు ప్రత్యేకంగా ఉన్నది తక్కువే.

తాళం మార్చడం కుదిరే పనేనా?

కుదిరింది, వేరే చోట. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో డాక్టరు లైసెన్స్ ఫీజు కట్టేటప్పుడే ఏడాదికి 25 డాలర్లకు మించని చిన్న మొత్తం లైబ్రరీ కింద పోతుంది. ఆ డబ్బుతో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ లైబ్రరీ 2009 నుంచి హీల్-డబ్ల్యూఏ పేరుతో ఒక పోర్టల్ నడుపుతోంది. కొండల్లో ఒంటరి క్లినిక్ నడిపే డాక్టరైనా లైసెన్స్ ఉంటే చాలు, లోపలికి వెళ్లొచ్చు. తాళం సంస్థను అడగదు, లైసెన్స్‌ను అడుగుతుంది. నార్వే 2006లో ఇంకో అడుగు ముందుకేసి, దేశంలో ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా కొన్ని ప్రధాన వైద్య జర్నళ్లు చదివే ఏర్పాటు చేసింది. అంతెందుకు, 2007లో మన ఐసీఎంఆరే డబ్బు కట్టి చికిత్సల మీద వచ్చిన అధ్యయనాలన్నీ బేరీజు వేసే కాక్రేన్ లైబ్రరీని దేశంలో అందరికీ తెరిపించింది. ఆ రోజుల్లో నేను డాక్టర్లకు ఫోన్లో చెప్పిన లింకుల్లో ఒక్కటీ "లాగిన్ అవ్వండి" అనలేదు.

మనకు కావాల్సిన సరంజామా అంతా కోఠిలోనే ఉంది. సుల్తాన్ బజార్‌లో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఆఫీసు. రాష్ట్రంలో ప్రతి అల్లోపతీ డాక్టరు పేరు, అర్హత, నంబరు ఆ రిజిస్టర్‌లో ఉన్నాయి. ప్రతి మందుల చీటీ మీద ఆ నంబరు ఉండాలని 2002 నాటి నియమావళి చెబుతుంది, ఐదేళ్లలో 30 గంటలు చదువు కొనసాగించాలనీ అదే చెబుతుంది. 2023లో కొత్త నియమావళి తెచ్చి మూడు వారాల్లోనే పక్కన పెట్టారు కాబట్టి ఇప్పటికీ పాతదే చెల్లుబాటు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చిన డాక్టరు ఆ చదువుకు ఇచ్చే సీఎంఈ సర్టిఫికెట్ల కట్ట పట్టుకుని వస్తాడు. వాటిలో కొన్ని నిజంగా చదువుకున్నవి, కొన్ని హోటల్లో బిర్యానీ తిన్నవి. కూతవేటు దూరంలో ఉస్మానియా మెడికల్ కాలేజీ, ప్రభుత్వ కాలేజీ కాబట్టి జాతీయ చందా పరిధిలో ఉంది. చుట్టూ మెడికల్ పుస్తకాల షాపులు. చదవాలని చెప్పే ఆఫీసు, చదివే వీలున్న కాలేజీ, చదువు అమ్మే షాపులు అన్నీ ఆ పావుగంట నడకలోనే ఉన్నాయి. వీటిని కలిపే తీగ ఒక్కటే లేదు.

రెన్యువల్ ఫీజుతో పాటు ఏడాదికి వెయ్యి రూపాయలు లైబ్రరీ కింద తీసుకుని, రిజిస్ట్రేషన్ నంబరునే లాగిన్‌గా ఇస్తే? ఊరికే లెక్క కోసం 50,000 మంది అనుకుందాం, ఏడాదికి రూ.5 కోట్లు. 13,000 జర్నళ్లు రావు. కానీ క్లినిక్‌కు 13,000 అక్కర్లేదు. మందుల సమాచారానికి ఒక మంచి సాధనం, జనరల్ మెడిసిన్, పిల్లలు, గైనిక్, చర్మం, గుండెకు చెరో నాలుగు జర్నళ్లు, ఫోన్ ఎత్తడానికి ఇద్దరు లైబ్రేరియన్లు. ప్రచురణ సంస్థలు ముందు కుదరదంటాయి. వాళ్లతో ఇరవై ఆరేళ్లు బేరమాడినవాణ్ని, మార్చి నెలాఖరుకు అన్నీ కుదురుతాయి.

మల్కాజిగిరి డాక్టరమ్మ పేపరు సంగతి చెప్పలేదు కదా. పబ్‌మెడ్ సెంట్రల్‌లో వెతికాం, లేదు. రచయితల కాలేజీ సైట్లో వెతికాం, అక్కడా లేదు. చివరికి సారాంశం కింద ఉన్న ఈమెయిల్‌కు రెండు వాక్యాలు రాయమన్నాను. "నేను హైదరాబాద్‌లో క్లినిక్ నడుపుతున్నాను, నా పేషెంటు కోసం మీ పేపరు కావాలి" అని. రాసినవాళ్లు చాలామంది సంతోషంగా పంపిస్తారు, చదివే మనిషి దొరకడం వాళ్లకూ పండగే.

నాలుగో రోజు పీడీఎఫ్ వచ్చింది. రెండో పట్టిక కింద చిన్న అక్షరాల్లో, కిడ్నీ పనితీరు ఎంత తగ్గినవాళ్లను పక్కన పెట్టారో ఉంది. పేషెంటు రెండో రోజే వచ్చి చీటీ రాయించుకుని వెళ్లాడు. ఆవిడ కాంపౌండర్ చేత ఫోన్ చేయించి, మాత్ర మార్చడానికి మళ్లీ రమ్మంది.